టీకా సూది ఎవరి చేతిలో ఉండాలి?

తొలకరి జల్లులకు ముందే గొర్రెలకు, మేకలకు చిటుక రోగం టీకా పడాలి. ఎడ్లకు, ఆవులకు, గేదెలకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు పడాలి. ఈ సంగతి పశుసంవర్ధక శాఖ వాళ్లు చెబుతారు, రేడియోలో చెబుతారు, మన కాపరులకూ తెలుసు. లేత పచ్చిక కడుపునిండా మేసిన గొర్రె సాయంత్రం బాగానే దొడ్డికి వస్తుంది, తెల్లారేసరికి కాళ్లు చాపి పడి ఉంటుంది. అప్పుడు డాక్టరు వచ్చినా చేయగలిగింది ఏమీ ఉండదు. చిటుక రోగానికి వైద్యం దాదాపు లేనట్టే, టీకా ఒక్కటే దారి. అయినా చాలా ఊళ్లలో టీకా వానలు పడ్డాకే వస్తుంది. ఎందుకని అడిగితే "మందు ఉంది, వేసే మనిషి లేడు" అంటారు. మరో ఏడాది అదే జవాబు తిరగబడుతుంది: "మనిషి ఉన్నాడు, మందు రాలేదు."

మందు సరఫరా గురించి సంఘం చాలాసార్లు మాట్లాడింది. ఈసారి ఆ మనిషి గురించి మాట్లాడదాం. టీకా ఎవరు వేయాలి? డిగ్రీ చదివిన పశువైద్యుడే వేయాలా? కాంపౌండరు వేయవచ్చా? గోపాలమిత్ర, పశుసఖి వేయవచ్చా? తన మందకు కాపరే వేసుకోవచ్చా? మన సమావేశాల్లో ఈ ప్రశ్న వస్తే రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. డాక్టరు తప్ప ఎవరూ సూది ముట్టకూడదన్నది ఒకటి. సూది గుచ్చడానికి చదువెందుకు, ఎవరైనా వేయవచ్చన్నది రెండోది. రెండింటివల్లా చివరికి నష్టపోయేది జీవాలు పెంచుకునేవాడే. సంఘం అభిప్రాయం ఈ రెండింటికీ వేరుగా ఉంది. దాన్ని కారణాలతో సహా ఇక్కడ చెబుతున్నాం.

చట్టంలో ఉన్నది ఇదీ

ముందు చట్టం సంగతి చూద్దాం. దాని పేరు చెప్పి మనల్ని బెదిరించేవాళ్లు ఉన్నారు, అసలు చట్టమే లేదన్నట్టు నడిచేవాళ్లూ ఉన్నారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టంలో 30వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన పశువైద్యుడు తప్ప వేరెవరూ పశువైద్య వృత్తి చేయకూడదు. అదే సెక్షన్ ఒక మినహాయింపు కూడా ఇచ్చింది. పశుసంవర్ధక శాఖ గానీ, గుర్తింపు ఉన్న సంస్థ గానీ ఇచ్చిన డిప్లొమా లేక సర్టిఫికెట్ ఉన్న సహాయకులు, రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో, ఆయన సూచనల మేరకు చిన్నపాటి పశువైద్య సేవలు చేయవచ్చు. అందుకు రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతి ఇవ్వాలి. ఆ చిన్నపాటి సేవలు ఏమిటో కూడా చట్టమే చెప్పింది. ప్రాథమిక చికిత్స కింద టీకా వేయడం, విత్తులు కొట్టడం, గాయాలకు కట్టు కట్టడం లాంటివి ఉన్నాయి. జాబితాలో మొదటి మాటే టీకా.

రెండోది 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం. అమల్లో ఉన్న చట్టం ప్రకారం అర్హత ఉన్న వ్యక్తి ఎవరైనా టీకా వేసి సర్టిఫికెట్ ఇవ్వవచ్చని అందులో ఉంది. ఆ సర్టిఫికెట్‌లో మందు తయారైన తేదీ, గడువు తీరే తేదీ, టీకా ఎప్పటి వరకు పనిచేస్తుందో ఆ తేదీ రాయాలని కూడా ఉంది. టీకా వేసిన పశువుకు చెవి పోగు లాంటి గుర్తు వేయాలని ఉంది. మన సభ్యుల్లో ఎంతమంది దగ్గర ఇలాంటి కాగితం ఉంది? చెవికి పోగు పడుతుంది, పన్నెండు అంకెల నంబరు కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. రైతు చేతికి మాత్రం ఏమీ రాదు.

కాబట్టి టీకా వేసే పని డాక్టరు ఒక్కడిదే అని చట్టం చెప్పలేదు. ఎవరైనా వేయవచ్చనీ చెప్పలేదు. శిక్షణ పొందిన మనిషి ఉండాలి, వెనక డాక్టరు ఉండాలి, ప్రభుత్వ అనుమతి ఉండాలి, రాతపూర్వక లెక్క ఉండాలి. ఇంతవరకు చట్టం సబబుగానే ఉంది. అయితే యజమాని తన సొంత మందకు వేసుకునే టీకా గురించి ఆ సెక్షన్‌లో విడిగా ఒక్క మాట లేదు. అందువల్లే ఒక మండలంలో కాపరికి మందు సీసా ఇచ్చి పంపుతారు, పక్క మండలంలో అడిగితే కసురుకుంటారు. ఈ సందేహాన్ని తీర్చవలసింది రాష్ట్ర ప్రభుత్వాలే.

కోట్ల జీవాలు, గుప్పెడు మంది డాక్టర్లు

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1 కోటి 91 లక్షలు. దేశంలో ఇదే మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షలు. అంటే రెండు రాష్ట్రాల్లో కలిపి మూడున్నర కోట్లకు పైగా గొర్రెలు. మేకలు, ఆవులు, గేదెలు, పెరటి కోళ్లు వీటికి అదనం. ఒక్క చిటుక రోగానికి ఒక్క విడత వేయాలన్నా వానలకు ముందు కొద్ది వారాల్లోనే కోట్ల సూదులు పడాలి. మొదటిసారి టీకా తీసుకునే పిల్లలకు రెండు, మూడు వారాల తర్వాత మరో డోసు వేయాలి. గాలికుంటుకు ఏడాదికి రెండు విడతలు. పారుడు రోగం (పి.పి.ఆర్.), బొబ్బ రోగం, నీలినాలుక టీకాలు మళ్లీ వేరు.

ప్రతి అయిదు వేల పశువులకు ఒక డాక్టరు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. మన మండలాల్లో ఒక్కో డాక్టరు కింద ఎన్ని ఊళ్లు ఉన్నాయో సభ్యులకు వేరే చెప్పనక్కర్లేదు. ఉన్న డాక్టరుకు కూడా వైద్యంతో పాటు పోస్టుమార్టంలు, బీమా కాగితాలు, పథకాల లెక్కలు, మీటింగులు. ఆయనే ఇంటింటికీ తిరిగి ప్రతి గొర్రెనూ పట్టి సూది వేయాలనడం ఆయనకూ న్యాయం కాదు, మనకూ ఉపయోగం కాదు. అలా పట్టుబడితే జరిగేది ఏమిటంటే, సూదులు పడవు, పడినట్టు లెక్క మాత్రం రాస్తారు.

2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అయిదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు ప్రకటించింది. గాలికుంటుకు యాభై కోట్లకు పైగా పశువులకు, బ్రూసెల్లాకు ఏటా 3 కోట్ల 60 లక్షల పెయ్యలకు టీకాలు వేయాలన్నది లక్ష్యం. మందుకు డబ్బు పెట్టడం మంచిదే. అయితే మందు దానంతట అది పశువు ఒంట్లోకి పోదు. ఎండలో ఊరూరా తిరిగి, గొడ్ల కొట్టాల్లో తన్నులు తిని, చెవి పోగు వేసి, ఫోనులో నంబరు ఎక్కించే మనిషికి ఎంత ఇస్తున్నారు, ఎప్పుడు ఇస్తున్నారు అన్నదాని మీదే ఇంత పెద్ద పథకం ఆధారపడి ఉంది. ఆ మనిషిని చిన్నచూపు చూసే పథకం ఊరి దాకా రాదు.

డాక్టర్ల అభ్యంతరంలో నిజం ఉంది

పశువైద్యులు ఈ విషయంలో చెప్పే అభ్యంతరాన్ని మనం కొట్టిపారేయకూడదు. "ఈ రోజు టీకా వేయనిస్తే రేపు ఆ చేతులతోనే అన్ని మందులూ పొడుస్తారు" అని వాళ్లంటారు. మన ఊళ్లలో ఇది జరుగుతూనే ఉంది. జ్వరమొస్తే ఒక సూది, మేత మానేస్తే ఒక సూది, పాలు తగ్గితే ఒక సూది. యాంటీబయాటిక్ ఎంత డోసు వేయాలో, ఎన్ని రోజులు వేయాలో, వేశాక ఎన్ని రోజులు పాలు పోయకూడదో చెప్పేవాళ్లు లేరు. ఇలా వాడితే మందులు క్రమంగా పనిచేయడం మానేస్తాయి. ఆ పాలు తాగే మన పిల్లలకూ ముప్పే. సూది పట్టడం వచ్చినంత మాత్రాన వైద్యం వచ్చినట్టు కాదు.

టీకా విషయంలోనూ పని చూడ్డానికి తేలికగా కనిపిస్తుంది గానీ, చెడగొట్టడం అంతకంటే తేలిక. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే మందు బలం పోతుంది. చల్లగా ఉండాలి కదా అని గడ్డకట్టించినా కొన్ని చెడిపోతాయి. గాలికుంటు, చిటుక రోగం, గొంతువాపు టీకాలు గడ్డకడితే ఇక పారేయడమే. పారుడు రోగం టీకా పొడి రూపంలో వస్తుంది. దాన్ని దానితో ఇచ్చిన ద్రవంలోనే కలపాలి, మంచు మీద ఉంచాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. శుభ్రం చేస్తున్నామనుకుని సిరంజిని స్పిరిట్‌తో కడిగితే అందులోని జీవ టీకా చచ్చిపోతుంది. ఒకే సూదితో మంద మొత్తానికి పొడిస్తే రక్తం ద్వారా వచ్చే జబ్బులను మనమే అంటించినట్టు. జ్వరంతో ఉన్న జీవానికి టీకా వేయకూడదు. టీకా వేసిన మర్నాటికే రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా రోగం వస్తే టీకా వల్లే వచ్చిందని ఊరంతా అనుకుంటుంది. మరుసటి ఏడాది ఎవరూ మందను తోలుకురారు.

ఇవేవీ అయిదేళ్ల డిగ్రీ చదివితే తప్ప అర్థం కాని విషయాలు కావు. అలాగని ఎవరూ చెప్పకుండా తెలిసేవీ కావు. డాక్టరుకు, కాపరికి మధ్య మనకు కావలసింది ఈ పని నేర్చుకున్న మనిషి.

పెద్దరోగాన్ని తరిమింది ఎవరు?

పాతతరం రైతులకు పెద్దరోగం గుర్తుండే ఉంటుంది. కొన్ని చోట్ల ముసర అనేవాళ్లు. అది ఊళ్లో పడితే కాడికి ఎద్దు మిగిలేది కాదు. 1954లో దేశమంతటా దాని నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1995 తర్వాత మన దేశంలో ఆ రోగం కనిపించలేదు. 2006లో భారతదేశానికి ఆ రోగం లేదన్న అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచంలోనే అది లేకుండా పోయిందని ప్రకటించారు. మనుషుల్లో మశూచి తర్వాత భూమ్మీద లేకుండా చేయగలిగిన రెండో రోగం ఇదే.

ఆ పని డాక్టర్ల ఆలోచన లేకుండా జరగలేదు, డాక్టర్ల చేతులతోనే జరిగిందీ కాదు. మన దగ్గర డాక్టర్ల కింద పనిచేసిన సహాయకులు, టీకాలు వేసేవాళ్లు ఊరూరా తిరిగారు. ఆఫ్రికాలో ఈ పాఠం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతానికి, దక్షిణ సూడాన్‌కు 1990లలో డాక్టర్లు వెళ్లే పరిస్థితి లేదు. ఒకచోట రోడ్లు లేవు, మరోచోట యుద్ధం. అప్పుడు పశువుల కాపరుల్లోంచే కొందరిని ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. ఫ్రిజ్ లేకుండా నెల రోజుల వరకు నిలిచే టీకాను వాళ్ల చేతికి ఇచ్చారు. డాక్టర్ల బృందాలు ఏళ్ల తరబడి చేరలేని మందలకు వాళ్లు టీకా వేశారు. మంద ఏ దారిన పోతుందో, ఏ నీటి దగ్గర ఆగుతుందో, ఎవరి మాట వింటారో వాళ్లకు తెలుసు. పుస్తకాల చదువు లేకపోయినా ఆ తెలివిడి రోగ నిర్మూలనకు అక్కరకొచ్చింది.

ఇప్పుడు ప్రపంచ దేశాలు 2030 నాటికి పారుడు రోగాన్ని కూడా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నాయి. ఈ రోగం మన దేశంలో మొదటిసారి 1987లో తమిళనాడులో బయటపడింది. ముక్తేశ్వర్‌లోని శాస్త్రవేత్తలు తయారుచేసిన టీకా ఒక్క డోసుతో కనీసం మూడేళ్లు కాపాడుతుంది. అంటే సాధనం మన చేతిలోనే ఉంది. పెద్దరోగం నేర్పిన పద్ధతిని గొర్రెల దొడ్డి దాకా తీసుకురావడమే మిగిలింది.

కుందేలుకు డాక్టరు, గొర్రెకు రైతు

వేరే దేశం నుంచి మరో ఉదాహరణ చెబుతాం. బ్రిటన్‌లో ముద్దుగా కుందేళ్లను పెంచుకునేవాళ్లు ఎక్కువ. వాటికి దోమలు, గోమార్ల ద్వారా వచ్చే మిక్సొమటోసిస్ అనే రోగం ఉంది. ఒంట్లో రక్తస్రావమై చనిపోయే మరో వైరస్ రోగమూ ఉంది. ఈ టీకాలను అక్కడ పశువైద్యుడు కుందేలును చూశాకే రాయాలి. ఆయన చెప్పినట్టు నర్సు సూది వేయవచ్చు గానీ, యజమాని దుకాణంలో కొనుక్కుని వేసుకోవడం కుదరదు.

అదే దేశంలో గొర్రెలకు వేసే చిటుక రోగం లాంటి వ్యాధుల టీకాకు వేరే నియమం ఉంది. దాన్ని డాక్టరే కాదు, ఫార్మసిస్టు కూడా ఇవ్వవచ్చు. ఆ పనికి పరీక్ష రాసి పేరు నమోదు చేసుకున్న వ్యవసాయ దుకాణం ఉద్యోగి కూడా ఇవ్వవచ్చు. రైతు దాన్ని ఇంటికి తీసుకెళ్లి తన మందకు తనే వేసుకుంటాడు. మందు వివరాలు పుస్తకంలో రాసి ఉంచుతాడు.

ఇందులో గొర్రె అంటే చులకన ఏమీ లేదు. ఇంట్లో ఒక్క కుందేలు ఉన్నవాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లగలడు. అయిదు వందల గొర్రెలున్నవాడు వాటిని ఆసుపత్రికి తోలుకుపోలేడు. గొర్రెను పట్టడం, చర్మం కింద సూది వేయడం ఆ రైతుకు రోజువారీ పని. కాబట్టి అక్కడ ఏ టీకా, ఏ జంతువు, వేసేవాడికి ఏం తెలుసు అన్న మూడు విషయాలు చూసి నియమం పెట్టారు. మన రాష్ట్రాల్లో కుందేళ్లు పెంచేవాళ్లు కొద్దిమందే, టీకాల పట్టికలో వాటి పేరు కనిపించదు. వాళ్లకు బోనుల శుభ్రత, కొత్తగా తెచ్చిన కుందేలును కొన్నాళ్లు విడిగా ఉంచడం, రోగమొస్తే డాక్టరుకు చూపడమే రక్షణ. గొర్రెల విషయంలో మాత్రం మనకు కావలసింది ఇలాంటి వివరమైన నియమమే. అన్నిటికీ ఒకే తాళం వేస్తే పని నడవదు.

ఏ టీకా ఎవరు వేయాలి

సంఘం ప్రతిపాదన ఇది. టీకాలను మూడు రకాలుగా విడదీయాలి.

మొదటి రకం, ఇంట్లో వాళ్లే వేసుకోగలిగినవి. పెరటి కోళ్లకు కొక్కెర తెగులు రాకుండా కంట్లో వేసే చుక్కల మందు ఇందుకు ఉదాహరణ. సూది లేదు, నొప్పి లేదు. ఒక పూట నేర్పితే మన ఆడవాళ్లు ఊరి కోళ్లన్నిటికీ ఒకే రోజు వేసేయగలరు. ఇక్కడ అడ్డం వచ్చేది సీసా పరిమాణం. ఒక్కో సీసాలో వందల డోసులు ఉంటాయి, పది కోళ్లున్న ఇల్లాలు దాన్ని కొనలేదు. ఊరంతా కలిసి ఒక రోజు పెట్టుకుంటేనే కుదురుతుంది.

రెండో రకం, ఊళ్లో శిక్షణ పొందిన మనిషి డాక్టరు పర్యవేక్షణలో వేయవలసినవి. చిటుక రోగం, పారుడు రోగం, బొబ్బ రోగం, నీలినాలుక, గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. గ్రామ పశుసంవర్ధక సహాయకులు, గోపాలమిత్రలు, పశుసఖులు, కాపరుల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలు ఈ పని చేయగలరు. పెద్ద మంద ఉన్న కాపరి శిక్షణ పొంది ఉంటే, తన మందకు తనే వేసుకునే హక్కు కూడా ఇందులో ఉండాలి.

మూడో రకం, డాక్టరు చేతిలోనే ఉండవలసినవి. బ్రూసెల్లా టీకా అలాంటిది. దాన్ని నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్యలకు మాత్రమే, జీవితంలో ఒక్కసారి వేస్తారు. అది బతికి ఉన్న సూక్ష్మజీవితో చేసిన టీకా. పొరపాటున వేసేవాడి వేలికి గుచ్చుకున్నా, కంట్లో చిందినా మనిషికి రోగం వస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఎవరినీ ఆ పనికి పంపకూడదు. పిచ్చికుక్క కరిచిన పశువుకు వేసే వరుస టీకాలు, దొమ్మ రోగం వచ్చిన చోట వేసే టీకాలు కూడా డాక్టరు సమక్షంలోనే జరగాలి. ముద్దచర్మ వ్యాధి లాంటి కొత్త రోగం వచ్చినప్పుడు ఏ టీకా, ఎంత డోసు అన్నది డాక్టర్లే తేల్చాలి. 2022లో ఆ రోగం రాజస్థాన్, గుజరాత్‌లను ముంచెత్తినప్పుడు మేకల బొబ్బ టీకాను ఆవులకు వాడవలసి వచ్చింది. అలాంటి నిర్ణయం సూది పట్టినవాడు తీసుకునేది కాదు.

మంద కదిలితే లెక్క తెగిపోతుంది

టీకా పట్టికలన్నీ ఊరి పేరు మీద నడుస్తాయి. గొర్రె మాత్రం ఊళ్లో ఉండదు. పాలమూరు నుంచి, అనంతపురం నుంచి మందలు మేత వెతుక్కుంటూ నల్లమలకు, కృష్ణా తీరానికి నెలల తరబడి వెళతాయి. సొంత ఊళ్లో టీకాలు వేసే రోజున మంద వంద మైళ్ల దూరంలో ఉంటుంది. మంద ఆగిన ఊళ్లో అడిగితే "మీరు ఇక్కడివాళ్లు కాదు, మందు మా లెక్కకే సరిపోదు" అంటారు. అంటే రోగాన్ని ఎక్కువ దూరం మోసుకెళ్లగల మందలకే టీకా అందడం లేదు. ఆ మంద దాటిన ప్రతి ఊరికీ అది ముప్పే. దారి ఊళ్ల రైతులు వలస కాపరిని తిట్టుకుంటారు గానీ, అతనికి టీకా ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లు లేరు.

వలస కాపరుల్లోనే గుంపుకు ఒకరికి శిక్షణ ఇచ్చి, ఐస్ పెట్టె ఇచ్చి, దారిలో ఉన్న ఏ పశువైద్యశాలలోనైనా మందు తీసుకునే కార్డు ఇస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. తెలంగాణ, ఆంధ్ర సరిహద్దు దాటినా ఆ కార్డు చెల్లాలి. గాలికి, నీటికి, రోగానికి సరిహద్దు లేనప్పుడు టీకాకు మాత్రం ఎందుకు?

సంఘం కోరుతున్నవి

ఒకటి. ఏ టీకా ఎవరు వేయవచ్చో రెండు రాష్ట్ర ప్రభుత్వాలు స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. అది తెలుగులో ప్రతి పంచాయతీ కార్యాలయంలో అంటించి ఉండాలి. శిక్షణ పొందిన యజమాని తన మందకు టీకా వేసుకునే హక్కు అందులో ఉండాలి.

రెండు. ప్రతి ఊరికి కనీసం ఒక శిక్షణ పొందిన టీకా కార్యకర్త ఉండాలి. శిక్షణ ఒక్కరోజు ఉపన్యాసం కాకుండా డాక్టరు పక్కన నిలబడి చేసి నేర్చుకునేదిగా ఉండాలి. ఏటా ఒకసారి మళ్లీ చూడాలి. డోసుకు ఇంత అని నిర్ణయించి, ఆ నెల డబ్బు ఆ నెలలోనే చెల్లించాలి. పనిలో గాయపడితే వైద్యం ప్రభుత్వమే చేయించాలి.

మూడు. మండల పశువైద్యశాలలో ఫ్రిజ్‌కు కరెంటు పోయినా నడిచే ఏర్పాటు, రోజూ ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఉండాలి. ఆ పుస్తకం రైతు అడిగితే చూపించాలి.

నాలుగు. చట్టంలో ఉన్నట్టే ప్రతి రైతుకు టీకా కాగితం ఇవ్వాలి. మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, మళ్లీ ఎప్పుడు వేయాలో అందులో ఉండాలి. ఈ కాగితం ఉంటేనే వేయని టీకా వేసినట్టు రాయడం ఆగుతుంది.

అయిదు. టీకా తర్వాత జీవాలు చనిపోతే డాక్టరు వచ్చి పోస్టుమార్టం చేయాలి, కారణం రాసి ఇవ్వాలి. మందులో గానీ, వేయడంలో గానీ లోపం ఉందని తేలితే పరిహారం చెల్లించాలి.

ఆరు. ఖాళీగా ఉన్న పశువైద్యుల పోస్టులు భర్తీ చేయాలి. టీకా కార్యకర్తలను పెట్టామన్న సాకుతో డాక్టర్ల పోస్టులు ఎత్తేస్తే సంఘం ఒప్పుకోదు. పర్యవేక్షించే డాక్టరు లేకపోతే ఈ పద్ధతి మొత్తం కూలిపోతుంది.

మన వంతు

అడగడం ఒక్కటే సరిపోదు, మనం చేయవలసినవీ ఉన్నాయి. టీకా వేస్తే పాలు తగ్గుతాయని, చూలు పోతుందని పశువులను దాచే అలవాటు ఇంకా ఉంది. గాలికుంటు టీకా తర్వాత ఒకటి రెండు రోజులు పాలు కొంచెం తగ్గవచ్చు, వేసిన చోట వాపు రావచ్చు. గాలికుంటు రోగమే వస్తే ఆ ఈత మొత్తం పాలు పోతాయి, పొదుగు పాడవుతుంది, ఎద్దు అరకకు పనికిరాదు. నిండు చూలుతో ఉన్నదాన్ని కిందపడేసి, మొరటుగా పట్టి వేస్తే ముప్పు రావచ్చు. కాబట్టి చూలు సంగతి వేసేవాళ్లకు ముందే చెప్పండి, నెమ్మదిగా పట్టించండి.

టీకా రోజున పశువులను పొద్దున్నే మేతకు వదలకుండా కట్టి ఉంచండి. ఎండ ముదరకముందే పని అయిపోతే మందు బలమూ నిలుస్తుంది. మందు ఐస్ పెట్టెలో వచ్చిందో లేదో, సీసా మీద గడువు తేదీ ఏముందో అడగండి. మధ్యమధ్య సూది మారుస్తున్నారో లేదో చూడండి. అడగడం మన హక్కు, దాన్ని ఎవరూ తప్పుగా తీసుకోకూడదు.

సంతలో కొన్న జీవాన్ని తెచ్చిన రోజే మందలో కలపకండి. రెండు మూడు వారాలు విడిగా కట్టండి. రోగం వస్తే దాచకండి. అంటురోగం అనుమానం వస్తే పంచాయతీకి, పశువైద్యశాలకు తెలపడం 2009 చట్టం ప్రకారం యజమాని బాధ్యత. 1962 నంబరుకు ఫోన్ చేయండి. ముక్కు, నోరు, ఆసనం నుంచి రక్తం కారి హఠాత్తుగా చనిపోయిన జీవాన్ని కోయకండి, తోలు తీయకండి, ఎవరికీ ఇవ్వకండి. అది దొమ్మ రోగం కావచ్చు, మనిషికీ అంటుతుంది.

ఈ వానాకాలానికి ముందు ప్రతి గ్రామ శాఖ ఒక పని చేయాలి. ఊళ్లో ఎన్ని గొర్రెలు, మేకలు, పశువులు ఉన్నాయో, ఏ టీకా చివరిసారి ఎప్పుడు పడిందో, వేసింది ఎవరో ఒక పుస్తకంలో రాయండి. టీకా పనికి ముందుకొచ్చే ఇద్దరి పేర్లు రాయండి. అందులో ఒకరు మహిళ అయితే మంచిది. వలస వెళ్లిన మందలు ఏ దారిన ఉన్నాయో రాయండి. ఆ పుస్తకంతో గ్రామసభకు వెళ్లి తీర్మానం చేయించి, నకలును మండల పశువైద్యుడికి, ఇంకొకటి సంఘం జిల్లా కార్యాలయానికి పంపండి. జిల్లాల నుంచి వచ్చిన లెక్కలన్నీ ముందు పెట్టుకుని సంఘం ప్రభుత్వంతో మాట్లాడుతుంది. మన దగ్గర లెక్క ఉన్నప్పుడు "మనిషి లేడు" అన్న జవాబు చెప్పడం వాళ్లకు అంత తేలిక కాదు.